పాత కారులో ఇంజిన్ శక్తి తగ్గుదల: కారణ నిర్ధారణ

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా కారు మునుపటి వేగం అందుకోదు. నాలుగో గేరులో ఎక్కిన ఎత్తుకు ఇప్పుడు రెండో గేరు కావలసి వస్తుంది. ఎదురుగా లారీ వస్తుంటే ముందు బండిని దాటడానికి ధైర్యం చాలదు. ఇంజిన్ శక్తి తగ్గిందనడానికి ఇవే గుర్తులు. మెకానిక్ షెడ్డుల్లో దీన్ని ‘పికప్ లేదు’ అంటారు, నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ‘బండి గుంజుతలేదు’ అంటారు. ఇది ఒక్క జబ్బు కాదు, పది పన్నెండు జబ్బులకు ఉమ్మడి లక్షణం. కొన్ని వందల రూపాయల ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, వేల రూపాయలు మింగే పిస్టన్ రింగులు అరిగినా డ్రైవరు కాలికి తెలిసేది ఒకటే. ‘పాత బండి కదా, బోరు పోయి ఉంటుంది’ అని ముందే తీర్మానించి ఇంజిన్ దించడం మన దగ్గర తరచుగా జరిగే నష్టం. విప్పకముందే కొలిచి తెలుసుకునే మార్గాలు చాలా ఉన్నాయి. ఈ వ్యాసం ఎక్కువగా వాటి గురించే. ఉదాహరణలు నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతం బండ్లవి.

ఆర్మూరు, అక్కడి బండ్లు

తెలంగాణలో పసుపు పండే ప్రాంతానికి నడుమ ఉన్న వ్యాపార పట్టణం ఆర్మూరు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా జగ్దల్‌పూర్ వైపు సాగే 63వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. చుట్టూ అంకాపూర్, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడ్, కమ్మర్‌పల్లి పసుపు చేలు. పంటకు పెద్ద యార్డు నిజామాబాద్‌లో ఉంది.

ఇక్కడి పాత కారును నంబరు ప్లేటు చూసి పోల్చుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్ జిల్లా కోడు ‘ఏపీ 25’. తెలంగాణ ఏర్పడ్డాక అది ‘టీఎస్ 16’ అయింది, 2024 మార్చి నుంచి ‘టీజీ 16’. అంటే ఏపీ 25 ప్లేటుతో తిరిగే ఏ కారుకైనా పదేళ్లు నిండినట్టే. మారుతి 800 (1983–2014), టాటా ఇండికా (1998 డిసెంబరు 30న విడుదల), టాటా సుమో, మహీంద్రా బొలెరో, 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్, అక్కడక్కడ అంబాసిడర్ ఈ తరానికి చెందినవి. వీటి ఇంజిన్లు ఒకదానికొకటి పోలిక లేనివి. మొదటి మారుతి 800లో కార్బొరేటర్, కాంటాక్ట్ పాయింట్లు. ఇండికాలో టర్బో లేని 1405 సీసీ డీజిల్ ఇంజిన్. స్విఫ్ట్ డీజిల్‌లో ఫియట్ రూపొందించిన 1248 సీసీ కామన్ రైల్ ఇంజిన్, టర్బో, కంప్యూటర్. ఒక బండికి పనికొచ్చిన మందు మరో బండికి పనికిరాదు.

జనవరి నుంచి పసుపు తవ్వకం మొదలవుతుంది. కొమ్ములను ఉడకబెట్టి, ఆరుబయట పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడతారు. ఆ తర్వాత మార్కెట్టు. ఎండలు ముదిరే ఈ నెలల్లోనే కల్లాల దుమ్ము, బరువు, వేడి ఒక్కసారిగా బండి మీద పడతాయి. ఏడాదిలో మిగతా రోజులు ఊరి దారుల్లో నాలుగైదు కిలోమీటర్లు తిరిగిన కారుకు అప్పుడు హైవే ప్రయాణం తగులుతుంది. దాగి ఉన్న లోపాలు బయటపడేది ఆ సమయంలోనే.

ఎత్తు ఎక్కడానికి ఎంత శక్తి కావాలి

శక్తి తగ్గిందని చెప్పాలంటే అవసరం ఎంతో తెలియాలి. మనుషులతో, సామానుతో కలిపి 1400 కిలోల బరువున్న కారు నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎత్తును గంటకు 54 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, కేవలం ఆ బరువును పైకి మోయడానికే పది కిలోవాట్లు, అంటే దాదాపు 14 హార్స్‌పవర్ కావాలి. గాలి, టైర్ల నిరోధం దీనికి అదనం. మొదటి తరం ఇండికా డీజిల్ ఇంజిన్ గరిష్ఠ శక్తి సుమారు 53 హార్స్‌పవర్, అదీ ఇంజిన్ చుట్లు బాగా పెరిగినప్పుడే. రోజువారీగా వాడే 2000–2500 చుట్ల దగ్గర అందులో దాదాపు సగమే చేతికి వస్తుంది. ఆ సగంలో పావు వంతు పోయినా చదును రోడ్డు మీద ఎవరికీ తెలియదు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లోనో, ఆర్మూరు సిద్ధుల గుట్ట ఘాట్ రోడ్డు మీదనో వెంటనే తెలిసిపోతుంది.

ఈ కారణంగానే పరీక్షకు ఒక స్థిరమైన చోటు పెట్టుకోవాలి. ఒకే ఎత్తు, ఒకే గేరు, దాదాపు ఒకే బరువు. లేదా రద్దీ లేని చదును రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి 70 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు పడుతుందో పక్కన కూర్చున్నవారు ఫోనులో లెక్కపెట్టాలి. మరమ్మతుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. బండి బాగైందో లేదో చెప్పడానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే నిజాయితీ గల సాక్ష్యం లేదు.

ఇంజిన్ కాని కారణాలు

ఇంజిన్ బాగానే ఉండి శక్తి చక్రాల దాకా చేరని సందర్భాలు చాలా ఉంటాయి. వాటిని ముందే తీసివేయాలి.

నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో పోతూ యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి, స్పీడోమీటరు ముల్లు మాత్రం నెమ్మదిగా కదిలితే క్లచ్ ప్లేట్ జారుతోందని అర్థం. కాలిన వాసన కూడా రావచ్చు. ఇలాంటి బండికి ఇంజిన్ పని ఎంత చేసినా ఫలితం ఉండదు.

రెండోది బ్రేకులు పట్టేయడం. ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి, బ్రేకు వీలైనంత తక్కువగా వాడి, బండిని నెమ్మదిగా ఆపాలి. ఒక్కో చక్రం దగ్గర అరచేయి తాకించకుండా పెట్టి చూస్తే మిగతావాటి కంటే బాగా వేడిగా ఉన్న చక్రం దొరుకుతుంది. కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టినా, లోపల ఉబ్బిన బ్రేక్ హోసు నూనెను వెనక్కి వదలకపోయినా, హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగుసుకున్నా ఇలా జరుగుతుంది. నెలల తరబడి షెడ్డులో నిలిపిన కార్లలో ఇది మామూలే. గాలి తక్కువైన టైర్లు, అరిగిన వీల్ బేరింగులు కూడా ఈ కోవలోవే.

ఇంకొకటి మరీ చిన్నది, అందుకే ఎవరూ చూడరు. యాక్సిలరేటర్ కేబుల్ సాగినా, పెడల్ కింద మ్యాట్ అడ్డుపడినా థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు బానెట్ ఎత్తి థ్రాటిల్ చివరిదాకా తిరిగిందో లేదో చూడటం నిమిషం పని. ఇంజిన్ ఆపి ఉంచే ఈ పరీక్ష చేయాలి.

గాలి

1405 సీసీ ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఆ నిమిషంలో సుమారు 1800 లీటర్ల గాలి పీలుస్తుంది. దుమ్ము ఎంత ఉంటే అంతా ఫిల్టరు మీదికి చేరుతుంది. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర లేచే సన్నటి పొడి, మక్కలు, జొన్నలు నూర్చేటప్పుడు లేచే పొట్టు కాగితపు మడతల్లో ఇరుక్కుంటాయి. బండి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల గడువు మామూలు రోడ్లకు వేసిన లెక్క. ఈ ప్రాంతంలో పసుపు సీజను ముగిశాక ఫిల్టరు తీసి చూడటాన్ని అలవాటుగా పెట్టుకోవాలి.

ఫిల్టరును బయటకు తీసి, దాని వెనక బల్బు పెడితే మడతల గుండా వెలుగు కనిపించాలి. కనిపించకపోతే మార్చాలి. కంప్రెసరు గాలితో ఊదితే కొంత శుభ్రమవుతుంది గానీ, లోపలి వైపు నుంచి బయటికి, దూరం నుంచి, తక్కువ ఒత్తిడితో ఊదాలి. పంక్చరు షాపులో గన్ను దగ్గర పెట్టి గట్టిగా కొడితే కాగితానికి కంటికి కనపడని చీలికలు పడతాయి. ఆ తర్వాత ఇంజిన్ మట్టి తింటుంది. మూసుకుపోయిన ఫిల్టరు వల్ల పోయేది శక్తి మాత్రమే, చిరిగిన ఫిల్టరు వల్ల పోయేవి రింగులు, సిలిండరు గోడలు. రెండింటిలో చిరిగిందే ప్రమాదం. ఆయిల్ బాత్ ఫిల్టరు ఉన్న పాత జీపుల్లో, కొన్ని అంబాసిడర్లలో నూనె బురదగా మారిందేమో చూడాలి.

డీజిల్ ఇంజిన్‌కు గాలి చాలకపోతే నల్లటి పొగ వస్తుంది. కార్బొరేటర్ పెట్రోలు ఇంజిన్‌లో మిశ్రమం చిక్కబడి ప్లగ్గులు మసిబారతాయి. కార్బొరేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో కంప్యూటరు గాలి తగ్గినంతమేర పెట్రోలు తగ్గిస్తుంది కనుక పొగ ఉండదు, వాసన ఉండదు, బండి మాత్రం మెత్తబడుతుంది.

వేడి ప్రభావం కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతానికి పైగా తక్కువ. టర్బో లేని ఇంజిన్‌లో శక్తి దాదాపు అంతే తగ్గుతుంది. ఏసీ కంప్రెసరు మరి కొంత లాక్కుంటుంది. మే నెల మధ్యాహ్నం చిన్న కారు కాస్త బద్ధకించడం జబ్బు కాదు. కాని చల్లని గాలిని బానెట్ ముందు నుంచి తెచ్చే ప్లాస్టిక్ గొట్టం ఊడిపోయి, ఇంజిన్ పక్క వేడి గాలినే పీలుస్తుంటే అది సరిచేయదగ్గ లోపం. పాత మారుతుల్లో ఆ గొట్టం ఉందా అని చూడండి.

ఇంధనం

ఇంధనం చాలని బండి ఒక ప్రత్యేకమైన తీరులో ప్రవర్తిస్తుంది. ఐడిల్‌లో బాగుంటుంది, ఊళ్లో బాగుంటుంది. హైవే మీద వేగం పెంచి కాసేపు నడిపాక వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు కుదుపు మొదలవుతుంది. కాలు తీసి మళ్లీ తొక్కితే కొంతదూరం బాగుంటుంది. ఈ వర్ణన వినగానే ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న దారిని అనుమానించాలి.

మొదట ట్యాంకు మూత. దాని గాలిరంధ్రం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు ఇంధనాన్ని లాగలేదు. బండి నీరసించినప్పుడు ఆపి మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, ఆ వెంటనే బండి బాగవుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చాలా పంపులను కాపాడగలదు. తర్వాత ఇంధన ఫిల్టరు, ట్యాంకులోని జాలీ. పాత ట్యాంకుల్లో తుప్పు పొడి అడుగున పేరుకుని జాలీని మూసేస్తుంది.

కార్బొరేటర్ బండ్లలో పెట్రోలు అందించేది ఇంజిన్ పక్కనుండే చిన్న డయాఫ్రమ్ పంపు. మన మెకానిక్‌లు దాన్ని ఏసీ పంపు అంటారు. డయాఫ్రమ్ చిల్లుపడితే పెట్రోలు చాలదు. కొన్ని పంపుల్లో అది ఇంజిన్ ఆయిల్‌లోకి కూడా కారుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు పట్టుబడుతుంది. కార్బొరేటర్‌లో ఫ్లోటు మట్టం తగ్గినా, మెయిన్ జెట్‌లో నలుసు చేరినా ఎత్తు ఎక్కేటప్పుడు బండి తడబడుతుంది. ఎండాకాలం నడిచి వచ్చి ఆపిన బండి పది నిమిషాల తర్వాత మొరాయించి, చల్లబడ్డాక బాగవుతుంటే పైపులో పెట్రోలు ఆవిరవుతోందని అర్థం. తడిగుడ్డ చుట్టి డ్రైవర్లు చేసే వైద్యం సరైనదే, కాని పైపు సైలెన్సరు వేడికి ఎంత దగ్గరగా ఉందో చూసి దూరం జరపడం శాశ్వత చికిత్స.

ఎంపీఎఫ్ఐ కార్లలో ట్యాంకులోపలి విద్యుత్ పంపు సాధారణంగా మూడు బార్ల లోపు ఒత్తిడి ఇస్తుంది. గేజి పెట్టి, బండి లోడులో ఉన్నప్పుడు కూడా ఆ ఒత్తిడి నిలుస్తోందా అని చూడాలి. ఐడిల్‌లో బాగున్న అంకె ఎత్తులో పడిపోతే పంపు అలిసిందన్నమాట.

డీజిల్ బండ్లలో శత్రువులు నీరు, గాలి. ఫిల్టరు అడుగున నీటిని వదిలే స్క్రూ ఉంటుంది, వానాకాలం తర్వాత దాన్ని తప్పక విప్పి చూడాలి. పైపు జాయింట్ల దగ్గర గాలి పీలిస్తే డీజిల్ బయటికి కారకపోవచ్చు. ఫిల్టరు, పంపు మధ్య కాసేపు పారదర్శకమైన గొట్టం తగిలించి చూస్తే బుడగలు కనిపిస్తాయి. ఇంజెక్టర్ నాజిళ్లను ఊహించి మార్చకూడదు. డీజిల్ ల్యాబ్‌లో టెస్టరు మీద పెడితే చుక్కలు కారుస్తున్న నాజిల్ ఏదో, పొగమంచులా చిమ్ముతున్నది ఏదో కళ్లెదుటే తేలిపోతుంది. కామన్ రైల్ ఇంజిన్ల విషయంలో ఒక హెచ్చరిక: రైల్ ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. పాత డీజిల్ బండికి చేసినట్టు ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేస్తే చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ గాయం చిన్నగా కనిపించినా వేలు తీసేయాల్సి రావచ్చు.

కల్తీ మీద అనుమానం ఉంటే తేల్చుకునే హక్కు వాహనదారుకు ఉంది. బంకులో ఫిల్టర్ పేపరు పరీక్ష అడగవచ్చు. కాగితం మీద వేసిన పెట్రోలు చుక్క మరక లేకుండా ఆరిపోవాలి. సాంద్రత కొలిచి చూపమనీ, ఆ రోజు రిజిస్టరులోని అంకెతో పోల్చమనీ అడగవచ్చు.

ఇథనాల్ గురించి ఈమధ్య చాలా భయం వ్యాపించింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కనుక ఈ మిశ్రమంలో లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గడం నిజం. మైలేజీలో ఆ తేడా కనిపిస్తుంది. కార్బొరేటర్ బండికి మరో చిక్కు కూడా ఉంది. స్వచ్ఛమైన పెట్రోలుకు సరిపోయిన జెట్టు గుండా ఈ ఇంధనం పోతే మిశ్రమం పలచబడి బండి ఎత్తులో తేలిపోతుంది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రములు దీనికి తట్టుకునేలా చేసినవి కావు, వాటిని మార్చాలి. అయితే పికప్ సగానికి సగం పోయిందంటే మాత్రం ఇథనాల్ మీదికి నెట్టి ఊరుకోకూడదు. అసలు కారణం ఇంకెక్కడో ఉంది.

నిప్పు

పెట్రోలు ఇంజిన్‌లో ఒక సిలిండరు కాలకపోతే దాన్ని మిస్సింగ్ అంటారు. మూడు సిలిండర్ల మారుతి 800లో ఒకటి ఆగితే మూడో వంతు శక్తి పోవడమే కాదు, ఆగిన సిలిండరును మోసే భారం మిగతా రెండింటి మీద పడుతుంది. ఏ సిలిండరో కనిపెట్టడానికి ఐడిల్‌లో ఒక్కో ప్లగ్ వైరు తీసి చూడటం పాత పద్ధతి. తీయగానే ఇంజిన్ చుట్లు తగ్గితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు, తేడా రాకపోతే అదే దొంగ. పాయింట్లున్న బండికి ఇది చెల్లుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండిలో మాత్రం వైరును గాలిలో వదిలేస్తే కాయిల్, మాడ్యూల్ కాలిపోవచ్చు, మనిషికి గట్టి షాక్ కొట్టవచ్చు. అక్కడ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి.

ప్లగ్గులు విప్పితే వాటి రంగే చాలా చెబుతుంది. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి ఎక్కువ పెట్రోలుకు, జిడ్డు నలుపు ఆయిల్ పైకెక్కడానికి, తెల్లగా కాలడం పలచని మిశ్రమానికి గుర్తు. ప్లగ్గులకు పోయే హెచ్‌టీ వైర్ల ఇన్సులేషన్ పగిలిందో లేదో చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే నీలి మెరుపులు పట్టిస్తాయి. పాయింట్లున్న డిస్ట్రిబ్యూటరులో గ్యాపు అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. అరుగుదలతో అది మారేకొద్దీ టైమింగ్ కూడా జరిగిపోతుంది. టైమింగ్ వెనకబడిన ఇంజిన్ త్వరగా వేడెక్కి, సైలెన్సరు ఎర్రబడి, మొద్దుగా నడుస్తుంది. డిస్ట్రిబ్యూటరు పక్కనున్న వ్యాక్యూమ్ అడ్వాన్స్ పనిచేస్తోందో లేదో దాని గొట్టం నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకుంటే తెలుస్తుంది. పట్టు నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగింది. పాత మేస్త్రీలు చేసే ఈ పరీక్షకు ఏ పరికరం అక్కర్లేదు.

కంప్రెషన్

గాలి, ఇంధనం, నిప్పు సరిగా ఉండీ బండి లాగకపోతేనే ఇంజిన్ లోపలి ఆరోగ్యం ప్రశ్నకు వస్తుంది. దానికి జవాబు కంప్రెషన్ గేజిలో ఉంది. పాత కార్ల పని చేసే ప్రతి షెడ్డులోనూ ఇది ఉండి తీరాలి.

పెట్రోలు ఇంజిన్‌ను వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఇంధనం తప్పించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, బ్యాటరీ నిండుగా ఉండగా స్టార్టరుతో ఐదారు చుట్లు తిప్పాలి. ఈ తరం పెట్రోలు ఇంజిన్లలో 150 నుంచి 180 పీఎస్ఐ మధ్య వస్తే మంచిదే. వంద దరిదాపులకు పడిపోతే అరుగుదల లేదా లీకు ఉంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. అన్నీ 140 ఉన్న ఇంజిన్ హాయిగా నడుస్తుంది. రెండు 165, ఒకటి 110 ఉన్న ఇంజిన్ వణుకుతుంది. డీజిల్ ఇంజిన్‌లో అంకెలు 350–450 పీఎస్ఐ స్థాయిలో ఉంటాయి కనుక దానికి వేరే గేజి కావాలి.

తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి, ఎందుకంటే ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ ఊదిందని అనుమానించాలి. ఈ ఆయిల్ పరీక్ష పెట్రోలు ఇంజిన్లకే. డీజిల్ సిలిండరులో పైనుండే ఖాళీ చాలా తక్కువ, ఆయిల్ పోస్తే అంకె దానంతటదే పెరిగి తప్పుదోవ పట్టిస్తుంది. ఎక్కువైతే ఇంజిన్‌కే దెబ్బ.

ఇంకా స్పష్టత కావాలంటే పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసరు గాలి పంపి చెవి పెట్టి వినాలి. కార్బొరేటర్ దగ్గర బుసబుస వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సరు చివర వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటరులో బుడగలు లేస్తే గ్యాస్కెట్. వాల్వు అయితే హెడ్ మాత్రమే దించితే చాలు, రింగులైతేనే ఇంజిన్ దించి రింగులు, పిస్టన్ల పని చేసే ‘హాఫ్ ఇంజిన్’. ఈ రెండింటి ఖర్చు మధ్య ఉన్న అగాధమే కొలత విలువ.

ఆయిల్ మూత తీసి, బుసలు కొడుతోందని చూపించి ‘బ్యాక్ కంప్రెషన్ వచ్చింది, ఇంజిన్ చెయ్యాలె’ అని చెప్పడం షెడ్డుల్లో మామూలు. పాత డీజిల్ ఇంజిన్లలో కొంత బుస సహజం. క్రాంక్ కేసు గాలి గొట్టం మురికితో మూసుకుపోయినా మూత దగ్గర బుస ఎక్కువవుతుంది. అది ఒక అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

కంప్రెషన్ అన్ని సిలిండర్లలోనూ సమానంగా తక్కువగా ఉంటే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో చూడాలి. మారుతి 800లోనూ, ఇండికా డీజిల్‌లోనూ క్యామ్‌షాఫ్టును తిప్పేది పళ్ల బెల్టే. బెల్టు మార్చిన కొద్ది రోజులకే పికప్ పోయిందంటే గుర్తులు సరిగా కలపలేదని దాదాపు ఖాయం. టాపెట్ల గ్యాపు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు. అది సరిచేసుకోకుండా కంప్రెషన్ గేజి చూసి హెడ్ దించడం తొందరపాటు.

బయటికి పోయే దారి

లోపలికి వచ్చిన గాలి బయటికి పోకపోతే కొత్త గాలికి చోటుండదు. స్పీడ్ బ్రేకరు మీద తగిలి నొక్కుకుపోయిన సైలెన్సరు పైపు, లోపల విరిగిన పలకలు, కరిగి ముద్దైన క్యాటలిటిక్ కన్వర్టర్ ఈ పని చేస్తాయి. మన దేశంలో కన్వర్టర్లు 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మిన కొత్త పెట్రోలు కార్లతో మొదలయ్యాయి. మిస్సింగ్‌తో నెలల తరబడి నడిపిన కారులో కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది.

దీన్ని పట్టడానికి ఇన్‌టేక్ మానిఫోల్డుకు వ్యాక్యూమ్ గేజి తగిలించాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపుతుంది. సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున్న నిజామాబాద్ ప్రాంతంలో అంగుళం పైచిలుకు తగ్గించి చదవాలి. చుట్లను 2500 దగ్గర నిలిపి పట్టుకుంటే ముల్లు నిలకడగా ఉండాలి. మెల్లమెల్లగా కిందికి జారుతుంటే బయటికి పోయే దారి మూసుకుంది.

టర్బో, సెన్సర్లు, స్కానరు

2000 తర్వాత వచ్చిన కామన్ రైల్ డీజిల్ కార్లలో శక్తి ఒక్కసారిగా పడిపోయి, ఎంత తొక్కినా చుట్లు ఒక హద్దు దాటకపోతే, ఇంజిన్‌ను కాపాడటానికి కంప్యూటరే శక్తికి కళ్లెం వేసిందని గ్రహించాలి. దీన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్టు చేస్తే తాత్కాలికంగా బాగవుతుంది. ఇలాంటప్పుడు స్కానరు పెట్టడమే మొదటి పని. పీ0299 అంటే టర్బో ఒత్తిడి చాలడం లేదని, పీ0087 అంటే రైల్‌లో ఇంధన ఒత్తిడి తక్కువని, పీ0171 అంటే పెట్రోలు మిశ్రమం పలచనని.

కోడు చెప్పేది లక్షణం, పాడైన భాగం పేరు కాదు. పీ0299 కనిపించగానే టర్బో మార్చమనడం న్యాయం కాదు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోసు చిరిగినా, క్లిప్పు వదులైనా, టర్బోను అదుపుచేసే సన్నటి వ్యాక్యూమ్ గొట్టాన్ని ఎలుక కొరికినా అదే కోడు వస్తుంది. ధాన్యం, పసుపు నిల్వ చేసే ఇళ్ల ముందు నిలిపే కార్లలో ఎలుకల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. హోసుల జాయింట్ల దగ్గర తాజా ఆయిల్ చెమ్మ ఉందేమో చూస్తే చాలా కేసులు అక్కడే తేలతాయి. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోవడం, దుమ్ము పట్టిన గాలి కొలత సెన్సరు మిగిలిన ముఖ్య నిందితులు. రెండూ చాలాసార్లు శుభ్రం చేస్తే బాగవుతాయి.

పొగ, పొల్యూషన్ కాగితం

నల్లటి పొగ గాలి తక్కువ లేదా ఇంధనం ఎక్కువ అయిందని చెబుతుంది. నీలం పొగ ఆయిల్ కాలుతోందని. తెల్లటి పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కాలని డీజిల్ గానీ, సిలిండరులోకి దిగుతున్న కూలెంట్ గానీ అయి ఉంటుంది. రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే రెండోదే.

ఎవరూ వాడుకోని ఒక సాక్ష్యం ప్రతి కారులోనూ ఉంది. పొల్యూషన్ పరీక్ష కాగితం మీద పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు శాతం, హైడ్రోకార్బన్ల పీపీఎం అచ్చవుతాయి. మోనాక్సైడు పెరిగితే మిశ్రమం చిక్కగా ఉంది. మోనాక్సైడు మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎగబాకితే ఏదో సిలిండరు సరిగా కాలడం లేదు. పోయినసారి కాగితం, ఈసారి కాగితం పక్కపక్కన పెడితే జబ్బు ఎప్పుడు మొదలైందో కూడా కనిపిస్తుంది. పరీక్ష నిజంగా చేసి ఇచ్చిన కాగితమైతేనే ఇది పనికొస్తుంది. బండి చూడకుండా ఇచ్చే సర్టిఫికెట్ తీసుకునేవారు తమ డబ్బుతో దొరికే వైద్య పరీక్షను తామే వదులుకుంటున్నారు.

హాఫ్ ఇంజిన్ ఎప్పుడు

కొన్ని ఇంజిన్లకు నిజంగానే ఆయువు తీరుతుంది. కంప్రెషన్ అన్ని సిలిండర్లలోనూ పడిపోయి, ఆయిల్ పోయగానే పెరిగి, నీలం పొగతో పాటు ఆయిల్ నెలనెలా తగ్గుతుంటే రింగులు, బోరు పని తప్పదు. అప్పుడు కూడా బోరును లేత్ దగ్గర కొలిపించాకే రింగులతో సరిపోతుందో, ఓవర్‌సైజు పిస్టన్లు కావాలో నిర్ణయించాలి. అంత ఖర్చు పెట్టే ముందు బండి రిజిస్ట్రేషన్ గడువు కూడా చూసుకోవాలి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి.

ఇంజిన్ దించుదామని ఎవరైనా చెబితే ఒక్కో సిలిండరు కంప్రెషన్ ఎంత వచ్చిందో, ఆయిల్ పోశాక ఎంత వచ్చిందో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఆ అంకెలు రాసివ్వని షెడ్డులో ఇంజిన్ విప్పనివ్వకండి.